సముద్ర న్యాయంలో మనిషి చోటు
(పాటిబండ్ల చంద్రశేఖరరావు న్యాయ జీవితంపై ఒక పరిశీలన)

1

చట్టం రచయితకు పరాయి వస్తువు కాదు. ఉత్తరాంధ్ర కథతో పరిచయం వున్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి వృత్తిరీత్యా ప్లీడరు. మద్యనిషేధ చట్టం పేదవాడి బతుకులో ఏం చేసిందో ఆయన "ఆరు సారా కథలు" చూపించాయి. కాళీపట్నం రామారావు "యజ్ఞం"లో నడిచేది ఒక అప్పు తగువు. తీర్పు చెప్పేది ఊరి పంచాయితీ. పైకి చూస్తే అంతా ధర్మబద్ధంగానే వుంటుంది. ఆ ధర్మం కిందనే ఒక కుటుంబం నలిగిపోతుంది. చట్టం ఏం చెపుతోందన్న దానితో ఈ రచయితలిద్దరూ ఆగలేదు. అది ఎవరి మీద పడుతోందో చూశారు. అభ్యుదయ విమర్శ వాళ్ళ దగ్గర నేర్చుకున్న పాఠం అదే.

అయితే మన కథల్లోకి వచ్చిన న్యాయస్థానాలు ముఖ్యంగా రెండు: ఊరి రచ్చబండ, పట్నం మేజిస్ట్రేటు కోర్టు. ఆ తరువాత కాలం చాలా నడిచింది. పలాస, టెక్కలి, ఉద్దానం తీరపు మనిషి బతుకును ఇవాళ నిర్ణయించే చట్టాల్లో కొన్ని న్యూయార్కులో చర్చలుగా మొదలై, జమైకాలో సంతకాలై, జర్మనీలోని హాంబర్గు నగరంలో తీర్పులవుతున్నాయి. హాంబర్గులోని ఆ అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానంలో ఒక తెలుగువాడు 21 ఏళ్ళు న్యాయమూర్తిగా కూర్చున్నాడు. మూడేళ్ళు దానికి అధ్యక్షుడుగా వున్నాడు. ఆయన పాటిబండ్ల చంద్రశేఖరరావు. న్యాయశాస్త్రం చదివేవాళ్ళకు తెలిసినంతగా ఈ పేరు సాహిత్య విద్యార్థులకు తెలియదు. తెలియాల్సిన అవసరం వుందని చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది ఆయనకు ప్రశంసాపత్రం కాదు. న్యాయమూర్తిని వీరపురుషుణ్ణి చెయ్యడం విమర్శ పని కాదు. ఆయన నడిచిన దారిని ఆధారం చేసుకుని ఒక ప్రశ్న వేసుకుందాం: సముద్రం మీద చట్టానికి ముందు కనిపించేది పడవా, పడవలోని మనిషా?

2

ఈ ప్రశ్న ఎక్కడినుంచి పుట్టిందో ముందు చెప్పుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా శ్రీకాకుళం జిల్లా తీరం 190 కిలోమీటర్ల పైచిలుకు వుంటుంది. వెనక కొబ్బరితోటలు, జీడితోటలు; ఎదర సముద్రం. ఇంత తీరం వున్నా పెద్ద మరపడవలు నిలవడానికి తగిన చేపల రేవు లేకపోవడం ఈ జిల్లా బెస్తవాళ్ళ పాత గోడు. మూలపేటలో 2023 ఏప్రిల్‌లో రేవు పనులకు శంకుస్థాపన జరిగింది. అది సరుకు ఓడల కోసం కట్టే రేవు. దానికోసం మూలపేట, విష్ణుచక్రం ఊళ్ళవాళ్ళు ఇళ్ళు వదిలి నౌపడ దగ్గరకు తరలాలని తేల్చారు. వేట మీద బతికే మనిషికి సముద్రం పొలం వంటిది. కాని ఆ పొలానికి పట్టా వుండదు.

అందుకే వలస. వెరావల్ ఎక్కడుందో జిల్లాలో చదువుకున్నవాళ్ళు అట్లాసులో వెతుక్కోవాలి గాని, తీరపు ఊళ్ళలో చిన్నపిల్లవాడు కూడా చెపుతాడు. గుజరాత్ రేవుల్లో మరపడవల యజమానులు అక్కడివాళ్ళు. వాటి మీద చెమటోడ్చేవాళ్ళలో మనవాళ్ళు ఎందరో. పడవను నడిపించే పెద్దను తండేలు అంటారు, తక్కినవాళ్ళు కళాసీలు. ముందు అడ్వాన్సు తీసుకుని వెళతారు. వేట కాలమంతా పనిచేసి ఆ అడ్వాన్సు తీరుస్తారు. పడవ ఎంత దూరం వెళ్ళాలో నిర్ణయించేది చేప, డీజిలు, యజమాని లెక్క. నీటి మీద గీత వుండదు. మ్యాపు మీద వుంటుంది.

ఇండియా, పాకిస్తాన్‌ల మధ్య సముద్రంలో ఆ మ్యాపు గీత కూడా తేలలేదు. సర్ క్రీక్ అనే పాయ ఎవరిదన్న తగువు తెగనందువల్ల దాని ముందున్న సముద్రపు హద్దు తెగలేదు. 2018 నవంబరు చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బెస్తవాళ్ళను పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుంది. వాళ్ళను కరాచీ జైల్లో పెట్టారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు దాటి ఇండియాలో అడుగుపెట్టారు. చేపలు పట్టినందుకు పదమూడు నెలలు.

ఇక్కడ ఒకటి స్పష్టం చేసుకోవాలి. ఇది ఒక దేశం చేసే అన్యాయం మాత్రమే కాదు. కరాచీ వైపు బెస్తవాళ్ళను మన దళాలు పట్టుకుంటాయి. వాళ్ళు గుజరాత్ జైళ్ళలో వుంటారు. 2008 మేలో రెండు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ జాబితాల్లో బెస్తవాళ్ళకు వేరే గడి వుంటుంది. అటూ ఇటూ వున్నది ఒకే వృత్తి, ఒకే లేమి. రెండు వైపుల శ్రమజీవుల విడుదల రెండు రాజ్యాల మధ్య సౌహార్దం చూపుకునే సందర్భాల మీద ఆధారపడి వుంది.

మరి దీనికి చట్టం లేదా? వుంది. దాన్ని తయారుచేసిన తరం మనుషుల్లో ఒకడు చంద్రశేఖరరావు.

3

ఆయన 1936 ఏప్రిల్ 22న కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో వుంది. సముద్రం కనిపించని మెట్టప్రాంతం అది. మద్రాసు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివాడు. విదేశాంగ శాఖలో న్యాయ విభాగం, ఐక్యరాజ్యసమితిలో భారత ప్రతినిధి బృందం, ఆ తరువాత కేంద్ర న్యాయ శాఖ. చివరికి 1988 నుంచి 1996 దాకా ఆ శాఖ కార్యదర్శి. వకీలుగా పేరు తెచ్చుకుని బెంచి ఎక్కినవాడు కాడు. ప్రభుత్వం తరఫున ఒప్పందాల మాటలు తూచి రాసే పని చేసినవాడు. ఈ తేడా ఆయన తీర్పులు చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఆ కాలం కూడా గుర్తుంచుకోదగిందే. వలస పాలన నుంచి బయటపడిన దేశాలు సముద్రం గురించి కొత్తగా మాట్లాడటం మొదలెట్టిన రోజులవి. అంతకుముందు సముద్ర స్వేచ్ఛ అనే మాటకు అర్థం, పెద్ద ఓడలున్నవాడి స్వేచ్ఛ. ఐరోపా, జపాన్ దేశాల చేపల ఓడలు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా తీరాల ముందుకొచ్చి వల వేసుకుని పోయేవి. ఒడ్డునున్న పేద దేశం చూస్తూ వుండేది. 1973లో మొదలైన ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ మహాసభ తొమ్మిదేళ్ళు నడిచింది. 1982 డిసెంబరు 10న జమైకాలోని మాంటెగో బేలో ఒప్పందం సంతకాలకు వచ్చింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా నీళ్ళు ఆ దేశపు సొంత భూమిలాంటివి. 200 నాటికల్ మైళ్ళ దాకా, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా, చేపల మీదా అడుగునేల సంపద మీదా హక్కు తీరదేశానిది. దీన్నే ప్రత్యేక ఆర్థిక మండలం అంటున్నాం. భారతదేశం 1976లోనే ఈ మండలాల గురించి చట్టం చేసుకుంది. ఈ కొత్త సముద్ర మండలాల న్యాయం మీద, ముఖ్యంగా భారతదేశపు మండలాల మీద, చంద్రశేఖరరావు 1983లో ఇంగ్లీషులో ఒక గ్రంథం ప్రచురించాడు.

పేద దేశాలు గెలుచుకున్న విజయం ఇది. అందులో సందేహం లేదు. అయితే ప్రతి విజయంలోనూ ఎవరు గెలిచారన్న ప్రశ్న వుంటుంది. సముద్రం దేశానికి దక్కింది. దేశంలో ఎవరికి దక్కిందన్నది ఒప్పందం తేల్చే విషయం కాదు. పైగా, గీత లేనిచోట గీత వచ్చింది. గీత వచ్చాక గీత దాటడమనే నేరం వచ్చింది. తాతలనాడు చేప వెనక పోయిన మనిషి, మనవడి కాలానికి చొరబాటుదారుడయ్యాడు.

4

ఒప్పందం రాసినవాళ్ళకు ఈ ప్రమాదం తెలియకపోలేదు. అందుకు సాక్ష్యం 73వ అధికరణం. ఇది రచయితలు కూడా తెలుసుకోవాల్సిన అధికరణం కనుక విడమర్చి చెపుతాను.

తన ఆర్థిక మండలంలో చేపల చట్టాన్ని మీరిన పరాయి పడవను తీరదేశం ఆపవచ్చు, తనిఖీ చెయ్యవచ్చు, పట్టుకోవచ్చు. కాని తగిన జామీను కడితే పడవనూ అందులో వాళ్ళనూ వెంటనే వదిలిపెట్టాలి. శిక్ష విధించేటప్పుడు జైలుశిక్ష వెయ్యకూడదు. రెండు దేశాల మధ్య అలా వెయ్యవచ్చునన్న ఒప్పందం వుంటే తప్ప. ఒంటి మీద దెబ్బ అసలే పడకూడదు. పట్టుకున్న సంగతి పడవ ఏ దేశపుదో ఆ దేశానికి వెంటనే తెలియజెయ్యాలి. విడుదల చెయ్యకపోతే, ఎక్కడ తేల్చుకోవాలో పదిరోజుల్లో ఒప్పందం కుదరకపోతే, హాంబర్గు న్యాయస్థానానికి వెళ్ళవచ్చునని 292వ అధికరణం చెపుతుంది.

భారతదేశం ఈ ఒప్పందాన్ని 1995 జూన్ 29న, పాకిస్తాన్ 1997 ఫిబ్రవరి 26న ఆమోదించాయి. అలాంటప్పుడు మనవాళ్ళు పదమూడు నెలలు ఎందుకు వున్నారు? ఈ ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. మొదటిది చోటుకు సంబంధించింది. 73వ అధికరణం ఆర్థిక మండలానికే వర్తిస్తుంది. 12 మైళ్ళ లోపల తీరదేశపు మామూలు చట్టం నడుస్తుంది. హద్దే తేలనిచోట, పడవ ఏ నీళ్ళలో పట్టుబడిందన్నది పట్టుకున్నవాడి మాట. రెండోది తలుపుకు సంబంధించింది. 292వ అధికరణం కింద హాంబర్గుకు వెళ్ళే అధికారం పడవ జెండా ఏ దేశపుదో ఆ దేశానిది, లేదా దాని తరఫున అనుమతి పొందినవాళ్ళది. తండేలు వెళ్ళలేడు. అతని భార్య వెళ్ళలేదు. ఊరి పెద్దలు వెళ్ళలేరు. హక్కు కళాసీది, తాళంచెవి రాజ్యం చేతిలో వుంది. ఇన్ని వందలమంది పట్టుబడినా ఇండియా గాని పాకిస్తాన్ గాని ఒకరి మీద ఒకరు ఈ తలుపు తట్టలేదు.

5

ఆ న్యాయస్థానం తలుపు తట్టినవాళ్ళ సంగతి చూద్దాం. అక్కడ 21 మంది న్యాయమూర్తులు. 1996 అక్టోబరులో ప్రమాణం చేసిన మొదటి జట్టులో చంద్రశేఖరరావు ఒకడు.

మొదటి కేసు సైగా అనే చమురు ఓడది. సెయింట్ విన్సెంట్ అనే చిన్న ద్వీపదేశపు జెండా దానిది. పశ్చిమాఫ్రికా తీరంలో చేపల ఓడలకు డీజిలు పోస్తుండేది. 1997 అక్టోబరు 28న గినీ దేశపు గస్తీ పడవలు కాల్పులు జరిపి దాన్ని పట్టుకున్నాయి. ఓడ నడిపేవాళ్ళు ఎక్కువమంది ఉక్రెయినువాళ్ళు. రంగులు వెయ్యడానికి ఎక్కిన సెనెగల్ కూలీలు కూడా వున్నారు. ఓడనూ మనుషులనూ వదలాలని డిసెంబరు 4న న్యాయస్థానం 12 - 9 తేడాతో తీర్పు చెప్పింది. ఆ తొమ్మిదిమందిలో చంద్రశేఖరరావు ఒకడు. గినీ చేసిన పట్టివేత చేపల వేట చట్టాల కిందికి రాదు కనుక వెంటనే విడుదల చేయించే నియమం దీనికి వర్తించదన్న పక్షాన ఆయన, మరి నలుగురు కలిసి భిన్నాభిప్రాయం రాశారు. దీన్ని దాచి ఆయన్ని మానవతామూర్తిగా చిత్రించడం సులభమే గాని నిజాయితీ కాదు. ఒప్పందంలోని మాట ఎంతవరకు సాగుతుందో అంతవరకే సాగాలన్నది ఆయన పద్ధతి.

అదే ఓడ రెండో కేసులో 1999 జూలై 1న వచ్చిన తీర్పు సముద్ర న్యాయంలో మైలురాయి. అందులో రెండు విషయాలు మనకు పనికొస్తాయి. మానవతా దృష్టి అంతర్జాతీయ న్యాయపు తక్కిన రంగాల్లో ఎలా వర్తిస్తుందో సముద్ర న్యాయంలోనూ అలాగే వర్తించాలని న్యాయస్థానం చెప్పింది. నిరాయుధమైన ఓడ మీద గినీ అతిగా బలం ప్రయోగించిందని తేల్చింది. రెండో విషయం మరింత ఆసక్తికరమైంది. ఓడలో వున్నవాళ్ళు ఏ దేశపువాళ్ళయినా సరే, ఓడ, దానిలోని సరుకు, దాని పనిలో వున్న ప్రతి మనిషీ కలిసి ఒకే వస్తువు. ఓడ జెండా ఏ దేశపుదో ఆ దేశమే వాళ్ళందరి తరఫునా అడగవచ్చును. సెనెగల్ కూలీకి ఇందువల్ల రక్షణ దొరికింది. నిజమే. కాని ఆ రక్షణ అతను మనిషి కావడం వల్ల రాలేదు. ఓడలో భాగం కావడం వల్ల వచ్చింది. చట్టం మనిషిని చూసింది. కాకపోతే ఓడ కిటికీలోంచి చూసింది.

ఆ ఏడాదే చంద్రశేఖరరావు న్యాయస్థానం అధ్యక్షుడయ్యాడు. 2002 దాకా ఆ పదవిలో వున్నాడు. ఆయన అధ్యక్షతన వచ్చిన కముకో కేసు తీర్పు ఈ దారిలో మరో అడుగు. పనామా జెండా వున్న చేపల ఓడను దక్షిణ హిందూ మహాసముద్రంలో ఫ్రాన్స్ పట్టుకుంది. ఓడ కెప్టెన్ జైల్లో లేడు. రియూనియన్ దీవిలో కోర్టు పర్యవేక్షణ కింద వున్నాడు, పాస్‌పోర్టు లాక్కున్నారు. జైల్లో లేడు కాబట్టి విడుదల అడిగే పని లేదని ఫ్రాన్స్ వాదన. దీవి దాటలేని మనిషి స్వేచ్ఛగా వున్నట్టు కాదని గ్రహించి న్యాయస్థానం అతని విడుదలకు కూడా ఆదేశమిచ్చింది. ఫ్రాన్స్ కోర్టు అడిగిన 2 కోట్ల ఫ్రాంకుల జామీనును 80 లక్షలకు తగ్గించింది. దరఖాస్తు 2000 జనవరి 17న పడింది. తీర్పు ఫిబ్రవరి 7న వచ్చింది. మూడు వారాలు. అదే ఏడాది డిసెంబరులో సీషెల్స్ జెండా వున్న మాంటే కాన్‌ఫుర్కో ఓడ విషయంలోనూ ఇదే దారిలో తీర్పు చెప్పారు. 2004లో జూనో ట్రేడర్ కేసు నాటికి, ఓడనూ మనుషులనూ వెంటనే విడుదల చెయ్యాలన్న నియమంలోనే మానవతా దృష్టి, న్యాయమైన విచారణ పద్ధతి ఇమిడివున్నాయని న్యాయస్థానం స్పష్టంగా చెప్పింది. అప్పటికి చంద్రశేఖరరావు అధ్యక్షుడు కాదు, న్యాయమూర్తుల్లో ఒకడు.

ఈ ఓడలన్నీ ఎవరివి? చాలావరకు లక్షల డాలర్ల సరుకున్న కంపెనీలవి. జామీను కట్టగలవు, ఖరీదైన వకీళ్ళను పెట్టగలవు, జెండా ఇచ్చిన దేశం దగ్గర అనుమతి తెచ్చుకోగలవు. మూడు వారాల న్యాయం వాళ్ళకు అందింది. వెరావల్ మరపడవ మీది కళాసీకి అందలేదు. చట్టంలో తప్పు లేదని, దాన్ని అందుకునే శక్తిలోనే తేడా వుందని కొందరు అంటారు. శక్తిలో తేడా వున్న సమాజంలో, ఆ తేడాను లెక్కలోకి తీసుకోకపోవడమే చట్టంలోని లోపం.

6

ఇది సముద్ర న్యాయానికి స్వభావసిద్ధమైన పరిమితి అనుకోనక్కర్లేదు. మాక్స్ సోరెన్సెన్ అనే డెన్మార్క్ న్యాయవేత్త (1913 - 1981) ఉదాహరణ చూడండి. ఉత్తర సముద్రపు అడుగునేల పంపకం విషయంలో పశ్చిమ జర్మనీతో డెన్మార్క్, నెదర్లాండ్స్‌లకు వచ్చిన తగువులో, ఆ రెండు దేశాల తరఫున ఆయన అంతర్జాతీయ న్యాయస్థానంలో ప్రత్యేక న్యాయమూర్తిగా కూర్చున్నాడు. తీర్పు 1969లో వచ్చింది. అవే రోజుల్లో ఆయన ఐరోపా మానవ హక్కుల కమిషన్‌కు అధ్యక్షుడు. 1967లో గ్రీసులో సైనిక కర్నళ్ళు అధికారం లాక్కున్నారు. డెన్మార్క్, నార్వే, స్వీడన్, నెదర్లాండ్స్ వాళ్ళ మీద ఫిర్యాదు చేశాయి. గ్రీసు జైళ్ళలో చిత్రహింసలు జరుగుతున్నాయని కమిషన్ సాక్షులను విచారించి తేల్చింది. 1969 డిసెంబరులో గ్రీసు ఐరోపా మండలి నుంచి తప్పుకుంది.

ఒకే మనిషి ఒక చేత్తో దేశాల మధ్య అడుగునేల కొలిచాడు. ఇంకో చేత్తో దేశం తన మనుషులను ఏం చేస్తోందో అడిగే సంస్థను నడిపాడు. అలాంటి రెండో సంస్థ ఐరోపాలో వుంది కనుక అది సాధ్యమైంది. 1998 నుంచి అక్కడ మామూలు మనిషి నేరుగా స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళి తన ప్రభుత్వం మీదనే ఫిర్యాదు చెయ్యవచ్చు. ఆసియాకు అలాంటి న్యాయస్థానం లేదు. చంద్రశేఖరరావుకు దొరికింది మొదటి రకం బల్లే. కనుక ఆయన న్యాయ జీవితానికున్న హద్దులను ఆయన సొంత హద్దులుగా మాత్రమే చూడకూడదు. మన ఖండంలో వ్యక్తికి రాజ్యాలు ఇచ్చిన చోటు అంతే.

7

ఆయన ఆఖరి పెద్ద కేసు మన బెస్తవాళ్ళ గురించే. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి 20 నాటికల్ మైళ్ళ అవతల ఎన్రికా లెక్సీ అనే ఇటలీ చమురు ఓడ మీది నావికా సైనికులు, సముద్రపు దొంగలనుకుని, సెయింట్ ఆంటొనీ అనే చేపల పడవ మీద కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. వాళ్ళను విచారించే అధికారం ఇండియాదా ఇటలీదా అన్నది తగువు. 2015 ఆగస్టు 24న హాంబర్గు న్యాయస్థానం రెండు దేశాలూ కోర్టు వ్యవహారాలు నిలిపివెయ్యాలని ఆదేశించింది. ఆ పీఠంలో చంద్రశేఖరరావు వున్నాడు. ఆ తరువాత ఏర్పడిన అయిదుగురి మధ్యవర్తి మండలిలో భారతదేశం ఆయన్నే నియమించింది. 2017లో ఆయన న్యాయమూర్తి పదవీకాలం ముగిసింది. 2018 అక్టోబరు 11న, తీర్పు రాకముందే, ఆయన చనిపోయాడు. ఆయన స్థానంలోకి వచ్చినవాడు పెమ్మరాజు శ్రీనివాసరావు, ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘంలో సుదీర్ఘకాలం పనిచేసినవాడు.

2020లో తీర్పు వచ్చింది. రాజ్యం పనిమీద వున్న సైనికులు గనుక భారత కోర్టులు వాళ్ళను విచారించరాదని 3 - 2 తేడాతో తేల్చారు. ఒప్పుకోని ఇద్దరిలో శ్రీనివాసరావు ఒకడు. అయితే భారత పడవ ప్రయాణ స్వేచ్ఛను ఇటలీ భంగపరిచిందని, పోయిన ప్రాణాలకూ, దెబ్బలకూ, ఆస్తినష్టానికీ, పడవలో వున్నవాళ్ళ మనోవేదనకూ పరిహారం చెల్లించాలని చెప్పారు.

ఆ పరిహారం కథలోనే మన ప్రశ్నకు జవాబుంది. 10 కోట్ల రూపాయలు వచ్చాయి. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు కేసు మూసేస్తూ, చనిపోయిన ఇద్దరి కుటుంబాలకు చెరో 4 కోట్లు, పడవ యజమానికి 2 కోట్లు కేటాయించింది. ఆ రోజు అదే పడవలో వుండి, తూటాలు తప్పించుకుని బతికి బయటపడిన తక్కిన మనుషులు లెక్కలో లేరు. వాళ్ళు మళ్ళీ కోర్టుకు వెళ్ళాల్సివచ్చింది. 2022 నవంబరులో, యజమాని వాటా నుంచి తలా 5 లక్షలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. మనోవేదనకు వెల కట్టమని అంతర్జాతీయ తీర్పు చెప్పింది కళాసీలను కూడా కలుపుకునే. కాని పంపకం దగ్గరకొచ్చేసరికి పడవ ముందు కనిపించింది. పడవలోని మనిషి ఏడాదిన్నర తరువాత కనిపించాడు.

8

మరి రచయితకు ఇక్కడ పనేమిటి?

కరాచీ జైలు నుంచి వచ్చిన మనవాళ్ళ ఉదంతం ఆధారంగా 2025 ఫిబ్రవరిలో "తండేల్" సినిమా వచ్చింది. శ్రీకాకుళం యాస తెర మీద వినిపించింది. జిల్లా జనం సంతోషించారు. అది ప్రేమకథగా, దేశభక్తి కథగా నడిచింది. సినిమా అలా నడవడంలో ఆశ్చర్యం లేదు. విచారించాల్సింది ఏమంటే, ఆ ఇతివృత్తంలోని అసలు ప్రశ్న, చేప కోసం వెళ్ళినవాణ్ణి ఏ న్యాయం కింద ఇన్ని నెలలు కటకటాల్లో పెట్టారన్నది, అందులో ప్రధానం కాలేదు. బెస్తవాడి జీవితాన్ని సాహిత్యం కూడా చాలాసార్లు సముద్రపు అందంతోనూ కట్టుబాట్లతోనూ కప్పింది. తకళి శివశంకర పిళ్ళై 1956లో రాసిన మలయాళ నవల "చెమ్మీన్" గొప్ప నవలే. అయినా దాని తరువాత చాలామందికి బెస్తవాడంటే నమ్మకాల మనిషిగా, విషాద ప్రేమికుడుగా మిగిలిపోయాడు. అడ్వాన్సు తీసుకున్న కూలీగా, రెండు రాజ్యాల జాబితాల్లో ఒక అంకెగా అతన్ని చూపాల్సిన పని ఇంకా మిగిలేవుంది.

రావిశాస్త్రి మేజిస్ట్రేటు కోర్టును ఎంత లోతుగా ఎరిగి రాశాడో, ఇవాళ ఉద్దానం తీరం గురించి రాసేవాడు 73వ అధికరణాన్ని అంత ఎరిగి రాయాలి. కథలో చట్టం వల్లించమని కాదు. జైల్లో వున్న తండేలు చేతికి ఒక హక్కు వుందనీ, దాన్ని వాడే దారి అతని చేతికి అందదనీ తెలిసి రాస్తే పాత్ర మారుతుంది. అతని దుఃఖం తలరాత కాకుండా పోతుంది. బాధ్యులెవరో పాఠకుడికి కనిపిస్తారు. ఎదురుచూస్తున్న భార్య కన్నీళ్ళు మాత్రమే రాసే కథకూ, ఆమె ఏ కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో, ఎవరు ఏ కాగితం అడిగారో రాసే కథకూ వున్న తేడా వాస్తవికతలోని తేడా.

విద్యార్థులకు కూడా ఒక మాట. న్యాయమూర్తుల తీర్పులు చదవడానికి న్యాయ పట్టా అక్కర్లేదు. తీర్పు కూడా ఒక కథనమే. అందులో ఎవరికి పేరుంది, ఎవరు ఓడ సిబ్బందిగా కలిసిపోయారు, ఎవరి నష్టానికి అంకె వుంది, ఎవరి నష్టానికి లేదు, ఇవన్నీ సాహిత్య విద్యార్థి అడగదగిన ప్రశ్నలు. చంద్రశేఖరరావు వంటి న్యాయవేత్తలు ఒక తరం పాటు ఒప్పందాల మాటలు తూచి, సముద్రం మీద కూడా మానవత్వం చట్టమేనని రాయగలిగేదాకా తెచ్చారు. అది చిన్న పని కాదు. ఆ వాక్యం హాంబర్గులో వుంది. దాని అవసరం వెరావల్‌లో వుంది, కరాచీలో వుంది, మన తీరపు ఊళ్ళలో వుంది. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటే, పట్టుబడిన బెస్తవాణ్ణి పడవ స్వాధీనం చేసుకున్నా సరే మనిషిగా కొద్దిరోజుల్లో ఇంటికి పంపే ఏర్పాటు ఆ వాక్యం ఆధారంగానే చేసుకోవచ్చు. ఒప్పుకునేలా చేసేది ప్రజల అడుగుడు. ఆ అడుగుడుకు మాట ఇవ్వడం రచయితల పని.